డాన్ కామిల్లో, పెప్పోనె: తిట్టుకుంటూ, కొట్టుకుంటూ ఒకేలా బతికిన ఇద్దరు

[స్క్రీన్ మీద: ఉత్తర ఇటలీ, పో నది పక్కన ఒక పల్లె, చర్చి గంటగోపురం]

చర్చిలో ఒక మనిషి మోకరించి ఫాదర్‌తో తన పాపం చెప్పుకుంటున్నాడు. రెండు నెలల కిందట రాత్రిపూట సైకిల్ మీద వెళ్తున్న ఫాదర్‌ని వెనకనుంచి కర్రతో కొట్టింది తనే అంటున్నాడు. ఆ రోజు సైకిల్ హ్యాండిల్‌కి 70 గుడ్లు వేలాడుతున్నాయి. ఫాదర్‌కి ఒళ్లు మండిపోయింది. లేచి సిలువ దగ్గరికి వెళ్లి, వీడికి ఒక్కటి తగిలించనా ప్రభూ అని అడిగాడు. చేతులు దీవించడానికే అన్నాడు క్రీస్తు. చేతులు సరే, మరి కాళ్ల సంగతేంటి అన్నాడు ఫాదర్. సరే, ఒక్కటే అన్నాడు క్రీస్తు.

తన్ను పడింది. ఆ మనిషి లేచి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, పది నిమిషాలుగా దీని కోసమే చూస్తున్నాను, ఇప్పుడు ప్రాణం తేలికపడింది అన్నాడు. ఫాదర్ కూడా అదే మాట అన్నాడు.

ఆ ఫాదర్ పేరు డాన్ కామిల్లో. డాన్ అంటే మాఫియా డాన్ కాదు, ఇటలీలో ఫాదర్లని గౌరవంగా అలా పిలుస్తారు. తన్ను తిన్నవాడు పెప్పోనె, ఆ ఊరి కమ్యూనిస్టు మేయర్. 1946లో ఇటలీ రచయిత జొవన్నీనో గ్వారెస్కి వీళ్లిద్దరి కథలు రాయడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. ఈ ఇద్దరూ ఆ యుద్ధకాలంలో కొండల్లో ఒకే పక్షాన ఉన్నవాళ్లు.

[స్క్రీన్ మీద: జ్ఞానస్నానపు తొట్టి]

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇంకొకటుంది. పెప్పోనె భార్య బిడ్డని జ్ఞానస్నానానికి తీసుకొస్తుంది. పేరేంటంటే లెనిన్ లీబెరో ఆంతోనియో అంటుంది. మన ఊళ్లలోనూ లెనిన్, స్టాలిన్ అని పేర్లున్నవాళ్లు ఉన్నారు కదా, ఆ మోజు ఎలాంటిదో మనకి తెలుసు. డాన్ కామిల్లో మాత్రం, రష్యా వెళ్లి ఇప్పించుకో జ్ఞానస్నానం అని పంపేస్తాడు. తర్వాత పెప్పోనె వస్తాడు. ఇద్దరూ కలబడతారు, ఫాదర్‌దే పైచేయి అవుతుంది. దెబ్బలు తిన్న తండ్రి దిగొచ్చి, లెనిన్ తీసేసి కామిల్లో అని పెట్టమంటాడు. ఫాదరే వద్దంటాడు. లీబెరో కామిల్లో లెనిన్, మూడూ ఉండనీ అంటాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. చర్చిని ఎదిరించే పార్టీవాడికి బిడ్డకి జ్ఞానస్నానం జరక్కపోతే నిద్ర పట్టదు. క్షమించమని చెప్పాల్సిన ఫాదర్‌కి పిడికిలి బిగించకపోతే తోచదు. అంటే ఒకడి దగ్గర ఉండాల్సింది రెండోవాడి దగ్గర ఉంది. సిద్ధాంతాలు వేరు, కానీ బాకీ ముఖాముఖి తీర్చాలనే పద్ధతి, ఓడినవాణ్ణి ఇంకా తొక్కకూడదనే మర్యాద ఇద్దరిలోనూ ఒకటే.

గ్వారెస్కి మధ్యస్థుడు కూడా కాదు. 1948 ఎన్నికల్లో కమ్యూనిస్టులకి వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం చేసినవాడు. అలాంటివాడు తన ప్రత్యర్థిని ఇంత నిండుగా రాయడం నాకు చాలా పెద్ద విషయం. మనకి గిట్టని పక్షం మనిషిని కథలో పెట్టినప్పుడు వాడికి ఒక ఇల్లూ, ఒక సిగ్గూ, ఒక మాట ఇవ్వాలనిపిస్తుంది ఇవి చదివితే.

[స్క్రీన్ మీద: పాత బడి, ఖాళీ కుర్చీ]

చివరిగా టీచరమ్మ కథ. ఊళ్లో అందరికీ చదువు చెప్పిన ముసలావిడ, రాజంటే ప్రాణం. తన శవపేటిక మీద రాజుగారి జెండా కప్పమని కోరి చనిపోతుంది. అప్పటికే 1946 జూన్ 2 రెఫరెండంతో, అంటే జనం వేసిన ఓటుతో, ఇటలీలో రాచరికం పోయింది. మీటింగ్‌లో మిగతా పార్టీలవాళ్లు కుదరదంటారు. పెప్పోనె అంటాడు: మేయర్‌గా నేనూ మీతో ఏకీభవిస్తున్నాను, కానీ ఈ ఊళ్లో మేయర్ మాట కాదు, కమ్యూనిస్టుల మాట చెల్లుతుంది, కమ్యూనిస్టు నాయకుడిగా చెప్తున్నా, ఆవిడ అడిగిన జెండాతోనే వెళ్తుంది.

దౌర్జన్యానికి తలవంచుతున్నాను అంటాడు డాన్ కామిల్లో. ఆ జెండా కప్పాలని ఆయన మనసులోనూ ఉండి ఉంటుందని నా నమ్మకం.

మర్నాడు మెడలో ఎర్ర రుమాళ్లు కట్టుకున్న పెప్పోనె, అతని కామ్రేడ్లు ఆ పేటికని భుజాన మోశారు. పైన రాజుగారి జెండా ఉంది.