కాల్గరీలో గుంటూరు మంత్రిగారి సంగతి

నమస్తే అండీ. పాపని డాన్స్ క్లాసులో దింపేసి, కెనడాలో మా కాల్గరీ ఊళ్లోని ఎడ్జ్‌మాంట్ వీధుల్లో తిరుగుతున్నాను. ఒక గంట టైముంది. మొన్న ఇండియా నుంచి మామయ్య ఫోన్ చేసి, "ఏమ్మా, మీ కాల్గరీలో మన గుంటూరాయన మంత్రి అయ్యాడుగా, ఇంకా ఉన్నాడా?" అని అడిగారు. ఇదిగో, ఇప్పుడు మనం తిరుగుతున్న ఈ ఏరియానే ఒకప్పుడు ఆయన నియోజకవర్గం. అందుకే ఇవాళ ఆ కబుర్లు చెప్పుకుందాం.

పేరు ప్రసాద్ పాండా. సొంత జిల్లా గుంటూరు, చదువు ఇంజినీరింగ్. రిలయన్స్‌లో పనిచేసి 2004లో కెనడా వచ్చారు, ఇక్కడ ఆయిల్ కంపెనీ సన్‌కోర్‌లో ఉద్యోగం చేశారు. ఇంతవరకూ కాల్గరీలో సగంమంది తెలుగువాళ్ల కథే! ఆ తర్వాతే దారి మారింది. 2012లో వైల్డ్‌రోజ్ అనే కన్జర్వేటివ్ పార్టీ తరఫున కాల్గరీ నార్తర్న్ హిల్స్‌లో పోటీ చేసి ఓడిపోయారు. 2015 మేలో అక్కడే మళ్లీ నిలబడ్డారు, మళ్లీ ఓటమి. మనలో చాలామంది ఆ రెండోసారితో దండం పెట్టేసి ఇంట్లో కూర్చునేవాళ్లం.

అసలు మజా ఇక్కడుంది. ఆ మే ఎన్నికల్లో, కాల్గరీ ఉన్న మా రాష్ట్రం ఆల్బెర్టాలో, 44 ఏళ్లుగా ఏలుతున్న ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ ప్రభుత్వం కూలిపోయి వామపక్షం వైపున్న ఎన్డీపీ గెలిచింది. ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్ (ఇక్కడ ప్రీమియర్ అంటారు) కాల్గరీ ఫుట్‌హిల్స్‌లో తను గెలిచి కూడా ఫలితాలొచ్చిన రాత్రే సీటు వదిలేసి వెళ్లిపోయారు. దాంతో ఉప ఎన్నిక వచ్చింది. 2015 సెప్టెంబర్ 3న ఆ సీటు పాండాగారి చేతికొచ్చింది. ప్రీమియర్ ఖాళీ చేసిన సీట్లో, అదే ఏడాది ఓడిపోయిన మనిషి! అదృష్టం అనొచ్చు, కానీ నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ ఇంటింటి తలుపూ తట్టడానికి ఓపిక కావాలండీ.

2017లో వైల్డ్‌రోజ్, ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీలు రెండూ కలిసి యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ (యూసీపీ) అయ్యాయి. 2019లో పాండాగారు యూసీపీ తరఫున ఈ ఎడ్జ్‌మాంట్‌లో గెలిచారు, కొత్త ప్రీమియర్ జేసన్ కెన్నీ కేబినెట్‌లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మంత్రి అయ్యారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులు మోత మోగిపోయాయి. ప్రమాణ స్వీకారం ఫొటో నాకు ఇండియా నుంచే ఎన్నిసార్లు వచ్చిందో! మరి మంత్రిగా ఏం చేశారని అడిగినవాళ్లు మాత్రం నాకు తగల్లేదు.

ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అనగానే రోడ్లు అనుకుంటాం కదా. ఆల్బెర్టాలో రోడ్లు రవాణా శాఖవి. ఈ శాఖ పని స్కూళ్లు, ఆసుపత్రులు, ప్రభుత్వ భవనాలు కట్టించడం. ప్రైవేటు భాగస్వామ్యంతో, అదే మన పీపీపీ, ఇక్కడ పీ3, ఐదు హైస్కూళ్లు కట్టాలన్న నిర్ణయం ఆయన ఉన్నప్పుడే ప్రకటించారు. 2021లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అకౌంటబిలిటీ చట్టం వచ్చింది. ఏ ప్రాజెక్టుకి ముందు డబ్బివ్వాలో ఎలా తేలుస్తారో రాసిపెట్టిన చట్టం అది. అదే ఏడాది చివర్లో 20 ఏళ్ల నిర్మాణ ప్రణాళిక కూడా ఇచ్చారు. ఫొటోకి పనికిరాని పనులే, కానీ నాకైతే ఇవే ముఖ్యం అనిపిస్తుంది. మన దగ్గర బడి గది ఎమ్మెల్యే ఊరికి ముందు వస్తుందా, పిల్లలు ఎక్కువున్న ఊరికా అనే గొడవ మనకి తెలియనిది కాదుగా.

2022లో రవాణా శాఖకి మారారు, అదీ కొద్ది నెలలే. అక్టోబరులో డానియెల్ స్మిత్ ప్రీమియర్ అయ్యాక కొత్త కేబినెట్‌లో ఆయన పేరు లేదు. 2023 మే ఎన్నికల్లో ఇదే ఎడ్జ్‌మాంట్‌లో ఎన్డీపీ అభ్యర్థి జూలియా హేటర్ చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఆ రోజు మా గ్రూపుల్లో ఒక్క మెసేజ్ లేదు! మామయ్యకి ఆ వార్త ఇన్నాళ్లూ చేరకపోవడంలో వింతేముంది?

ఇంకో పది నిమిషాల్లో క్లాసు అయిపోతుంది. వెళ్లేలోపు ఒకటి చెప్తాను. ఫుట్‌హిల్స్ ఆసుపత్రి ఆవరణలో పెద్ద క్యాన్సర్ సెంటర్ ఉంది కదా, 140 కోట్ల డాలర్లది. పని మొదలైంది 2017లో, ఎన్డీపీ హయాంలో. భవనం చాలావరకు పైకి లేచింది ఈయన శాఖ చూస్తున్న రోజుల్లో. పేషెంట్లకి తలుపులు తెరిచింది 2024 అక్టోబరులో. అప్పటికి ఈయన ఎమ్మెల్యే కూడా కాదు. మామయ్యకి ఈ వీడియో లింకే పంపిస్తాను, ఫోన్లో ఇంత చెప్పేలోపు ఆయన "సరే, పిల్ల ఎలా ఉంది?" అనేస్తారు.