పేజీ మీద సేటు ఫొటో, కామెంటుకు జవాబు ఎవరిది?

(నల్లగొండలోని ఒక స్థానిక కేబుల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని, పోచంపల్లి–గద్వాల చేనేత షాపులకు సోషల్ మీడియా పనులు చూసే కన్సల్టెంట్, హైదరాబాద్ నుంచి వచ్చిన, కంపెనీల చట్టపరమైన వ్యవహారాలు చూసే కంపెనీ సెక్రటరీ.)

వ్యాఖ్యాత: నమస్కారం. పెద్ద కంపెనీల అధినేతలు సోషల్ మీడియాలో జనంతో నేరుగా మాట్లాడటం అలవాటైపోయింది. మన దగ్గర కూడా మిల్లులు, చీరల షాపులు, విత్తనాల కంపెనీల ఓనర్లు ఫేస్‌బుక్ పేజీలు తెరిచారు. పండగ వస్తే చాలు, చేతులు జోడించిన ఫొటో పడుతుంది. సార్, మీతోనే మొదలుపెడదాం. అదెవరికి పనికొస్తుంది?

మిల్లర్: బ్యానర్ డిజైన్ చేసే పిలగానికి నాలుగు పైసలొస్తయి, అంతే. రైతు ట్రాక్టర్ల వడ్లు పోసుకొని రోడ్డు మీద నిలబడ్డడు. నా దండం ఫొటో ఆయన ఏం జేసుకుంటడు? ఆయనకు కావల్సింది మూడు ముచ్చట్లు. గేటు తెరిచిన్రా, లోపల ఎన్ని బండ్లున్నయి, ఇయ్యాల రేటెంత.

కన్సల్టెంట్: మరి అదే పోస్టు పెట్టొచ్చు గదన్నా.

మిల్లర్: గేటు, బండ్ల సంగతి పెట్టొచ్చు. రేటు దగ్గరనే తిప్పలు. ఒకటే రకం వడ్లకు రెండు ట్రాక్టర్లకు రెండు రేట్లు పడ్తయి. తేమ, తాలు, గింజ రంగు చూస్తరు. నువ్వు ఒక్క అంకె రాసి పెట్టినవంటే, పచ్చి వడ్లు తెచ్చినాయన కూడా అదే అంకె చూపిస్తడు. ఆయన అడుగుడు కూడా తప్పు గాదు, రాసినోనిదే తప్పు.

వ్యాఖ్యాత: అయితే ఎలా రాయాలంటారు?

మిల్లర్: ఇంత నుంచి ఇంత దాకా అని రాయాలె. ఏ రకానికి, ఎంత తేమ ఉంటే ఆ రేటు, తేమ పెరిగితే ఎంత తగ్గుతది, అన్నీ ఒక్క ఫొటోలనే ఉండాలె. తేదీ, టైం కూడా ఫొటో లోపల్నే. కింద రాస్తే ఎవరో ఫొటో ఒక్కటే ఫార్వర్డ్ కొడ్తరు, నిన్నటి రేటు ఇయ్యాల ఊర్లల్ల తిరుగుతది. కోతలు జోరుగున్నప్పుడు పొద్దున ఆరింటి రేటు పన్నెండింటికి ఉండదు. మారితే కొత్త ఫొటో పెట్టుడొక్కటే గాదు, పాతదాని మీద అడ్డంగ గీత కొట్టాలె.

కన్సల్టెంట్: దీనికి నేనొకటి కలుపుతా. మాయిశ్చర్ మిషన్ మీద అంకె పడేది పది సెకన్ల వీడియో తీసి పెట్టాలె. ఏ బండి వడ్లు, ఎన్నిసార్లు చూసిన్రు, ఎంత వచ్చింది. గంట సేపు స్పీచ్ ఇచ్చినా రాని నమ్మకం దాంతోటి వస్తది. ఇగ కామెంట్లల్ల ఎక్కువ అడిగేది తరుగు గురించి. "క్వింటాకు ఎన్ని కిలోలు తీస్తరు సేటూ?" అని. చాలా పేజీలల్ల ఆ కామెంటు అయిదు నిమిషాలల్ల మాయమైతది. మాయమైన కామెంటు స్క్రీన్‌షాట్ అప్పటికే ఊరి గ్రూపుల ఉంటది.

మిల్లర్: తరుగు సంగతి పబ్లిక్‌ల రాస్తే పక్క మిల్లోళ్లు ఊకుంటరా?

కన్సల్టెంట్: రాయకపోతే రైతు ఊకుంటడా అన్నా? తీసేది ఉంటే ఎందుకు తీస్తున్నరో రాయండి, తియ్యకుంటే తియ్యమని రాయండి. మధ్యల "ఆఫీసుకు ఫోన్ చేయండి" అనే జవాబు ఉందే, అది తిట్టు కన్నా ఎక్కువ మండిస్తది.

వ్యాఖ్యాత: సన్నాల బోనస్ గురించి కూడా అడుగుతారనుకుంటా.

మిల్లర్: బాగ అడుగుతరు. సర్కారు సన్న వడ్లకు క్వింటాకు ఇచ్చే 500 రూపాయల బోనస్ కొనుగోలు కేంద్రంల అమ్మితేనే వస్తది. మిల్లుకు నేరుగ తెస్తే రాదు. పేజీ చూసే పిలగానికి ఈ సంగతి తెల్వక "వస్తది అన్నా" అని కొట్టిండనుకో, రేపు పొద్దున గేటు కాడ లొల్లి. అట్లనే 17 శాతం తేమ అనేది కేంద్రంల కొనే లెక్క, మిల్లు లెక్క వేరే. ఈ రెండు కలిపి జవాబు రాస్తే రైతు కాంట కాడ మోసపోయిండనే అనుకుంటడు.

వ్యాఖ్యాత: అంటే జవాబు ఓనరే రాయాలా?

కన్సల్టెంట్: అన్నిటికీ అక్కర్లే. షాపు ఎన్నింటికి తెరుస్తరు అనేదానికి పిలగాడు చాలు. పైసలు, తూకం, క్వాలిటీ, పాత బాకీ, ఈ నాలుగింటికి మాత్రం నిర్ణయం తీసుకునే మనిషి చూడాలె. పొద్దున అరగంట, రాత్రి అరగంట. వాయిస్ మెసేజ్ పెడితే పిలగాడు టైప్ చేస్తడు, కింద ఎవరు జవాబిచ్చిన్రో రాస్తడు. ఫిర్యాదుకు ముందు అందరికి కనిపించేటట్టు ఒక్క ముక్క రాయాలె, "చూసినం, బిల్లు నంబరు మెసేజ్‌ల పెట్టండి" అని. బిల్లు, ఫోన్ నంబరు కామెంట్ల అడగొద్దు. అవి చూసి వేరేటోడు కంపెనీ మనిషినని ఫోన్ చేస్తడు. సమస్య తీరినంక మళ్ల అదే కామెంటు కిందికొచ్చి ఏం జేసిన్రో రాయాలె. ఈ ఆఖరిది నూటికి తొంభై మంది మరుస్తరు.

కంపెనీ సెక్రటరీ: ఆ ఆఖరి మెట్టు విషయంలో మహీంద్రా గ్రూపు ఛైర్మన్ ఆనంద్ మహీంద్రాను చూడొచ్చు. కోయంబత్తూరు దగ్గర రూపాయికి ఇడ్లీ అమ్మే కమలాతాళ్ గురించి 2019లో ట్వీట్ చేశారు. 2021లో ఇంటికి స్థలం రిజిస్ట్రేషన్ అయిందని చెప్పారు. 2022 మదర్స్ డేకి ఇల్లు ఇచ్చారు. మూడేళ్లు పట్టింది, అయినా ఆయన మీద మాట రాలేదు. పని ఎంతవరకు వచ్చిందో మధ్యలో చెప్పారు కాబట్టి.

వ్యాఖ్యాత: దీనికి ఉల్టా ఉదాహరణ?

కంపెనీ సెక్రటరీ: 2024 అక్టోబర్‌లో ఓలా స్కూటర్ల సర్వీసు మీద కమెడియన్ కునాల్ కామ్రా ఫొటో పెట్టి అడిగితే ఓలా అధినేత భవీష్ అగర్వాల్ వెటకారంగా జవాబిచ్చారు. తర్వాతి ట్రేడింగ్ రోజు షేరు బాగానే పడింది. ఆ ఒక్క గొడవ వల్లే పడిందని నేననను, ఆరోజు మార్కెట్టూ బాగాలేదు. కానీ ఆ జవాబు కింద స్కూటర్ కొన్నవాళ్లు తమ తమ ఫిర్యాదులన్నీ తెచ్చి పోశారు. అడిగినవాడు కమెడియన్ అయినా, చదివేది కస్టమర్లు.

వ్యాఖ్యాత: చట్టం సంగతి చెప్పండి. సొంత ఖాతాలో సొంత కంపెనీ గురించి రాసుకుంటే తప్పేముంది?

కంపెనీ సెక్రటరీ: లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే చాలా ఉంది. 2012 జులైలో నెట్‌ఫ్లిక్స్ అధినేత రీడ్ హేస్టింగ్స్, జూన్ నెలలో జనం వంద కోట్ల గంటలకు పైగా చూశారని తన ఫేస్‌బుక్‌లో రాశారు. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ విచారణ మొదలుపెట్టింది. చివరికి 2013 ఏప్రిల్‌లో, ఏ ఖాతాలో సమాచారం ఇస్తారో ఇన్వెస్టర్లకు ముందే చెప్పి ఉంటే సోషల్ మీడియా వాడుకోవచ్చని తేల్చింది. ఎలాన్ మస్క్ అంత తేలిగ్గా బయటపడలేదు. టెస్లా షేర్లన్నీ 420 డాలర్లకు కొంటా, డబ్బు సిద్ధంగా ఉందన్నట్టు 2018 ఆగస్టు 7న ట్వీట్ చేశారు. ఆయన రెండు కోట్ల డాలర్లు, కంపెనీ రెండు కోట్ల డాలర్లు కట్టాయి, ఛైర్మన్ పదవి వదులుకున్నారు. మన దగ్గర షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం షేరు ధరను కదిలించే సమాచారం ముందు స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లాలి, తర్వాతే ఎక్స్ (పాత ట్విటర్). కొత్త ఆర్డరు వచ్చిన సంతోషంలో ఫ్యాక్టరీ గేటు ముందు సెల్ఫీ పెట్టినా ఇబ్బందే.

మిల్లర్: మా మిల్లు షేర్ మార్కెట్ల లేదు సార్, మాకేం భయం.

కంపెనీ సెక్రటరీ: సెబీ మీ జోలికి రాదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వస్తుంది. తెలంగాణ సోనా బియ్యం అమ్ముతారు కదా?

మిల్లర్: ఆర్ఎన్ఆర్ 15048. షుగర్ ఉన్నోళ్లు అడిగి కొంటరు.

కంపెనీ సెక్రటరీ: గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందనే లెక్క, తక్కువ అనాలంటే చేతిలో పరీక్ష రిపోర్టు ఉండాలి. "ఈ బియ్యం తింటే షుగర్ తగ్గుతుంది" అన్నారంటే రిపోర్టు ఉన్నా కుదరదు. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని చెప్పడాన్ని 2018 ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల దాకా జరిమానా ఉంది.

మిల్లర్: బస్తా మీద రాయం గద. నోటితోని చెప్తం, అంతే.

కంపెనీ సెక్రటరీ: రీల్‌లో నోటితో చెప్పినా ప్రకటనే సార్. బస్తా అయితే చించి పారేయొచ్చు, వీడియో ఉండిపోతుంది.

వ్యాఖ్యాత: మేడం, చేనేత వైపు వద్దాం. అక్కడ ఓనర్ ఏం చూపించాలి?

కన్సల్టెంట్: చీర పట్టుకొని నవ్వుడు అందరు చేస్తున్నరు. పోచంపల్లి పేరు మీద ప్రింటు చీరలు అమ్మేటోళ్లు కూడా అట్లనే నవ్వుతరు. కాబట్టి తేడా చూపించాలె. చిటికి కట్టిన, అంటే రంగు అంటొద్దని అక్కడక్కడ గట్టిగ చుట్టి కట్టిన నూలుకు ముందే రంగు అద్ది నేస్తరు, అందుకే చీర తిరగేసినా డిజైన్ అంతే గట్టిగ కనిపిస్తది. రంగు మారే చోట గీత కోసినట్టు ఉండదు, కొంచెం పక్కకు పాకినట్టు ఉంటది. ప్రింటుది తిరగేస్తే వెలిసినట్టు కనిపిస్తది. ఓనర్ తన చేతితోని కొంగు తిప్పి, ఫోన్‌ను జానెడు దూరం తెచ్చి ఆ పాకిన రంగు చూపియ్యాలె. ఇరవై సెకన్లు చాలు. ఇంకో వీడియోల ఆసు పోసుడు, అంటే నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుడు, చూపియ్యండి. చేత్తోటి పోస్తే ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలె. ఆ బాధ చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిన్రు, 2017ల పద్మశ్రీ వచ్చింది. అది చూసినంక రేటెందుకు అంత అని అడిగేటోళ్లు తగ్గుతరు.

వ్యాఖ్యాత: రంగు తేడా వచ్చిందని వాపసు పంపేవాళ్లు ఎక్కువట కదా?

కన్సల్టెంట్: సగం గొడవలు లైట్ల వల్లనే. షాపుల పసుపు బల్బుల కింద తీస్తే నీలం కాస్త ఆకుపచ్చకు తిరుగుతది, గులాబీ ఇటుక రంగైతది. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్యల అరుగు మీద, ఎండ తగలని చోట తియ్యాలె. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి, స్క్రీన్ మీద ఆ కాగితం తెల్లగ కనిపిస్తుందా చూసుకోవాలె. ఫోన్ స్క్రీన్‌ను వేలితోని ఒత్తి పట్టుకుంటే వెలుతురు లాక్ అవుతది, అప్పుడు కొంగు తిప్పినప్పుడల్లా వెలుతురు ఎగిరెగిరి పడదు. బ్యూటీ ఫిల్టర్ బంద్ చేయాలె, అది మనిషితో పాటు చీరను కూడా తెల్లగ చేస్తది. మగ్గం కాడ మాట్లాడితే చప్పుడుకు ఏం వినపడదు. కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి, లేదంటే మగ్గం ఆపి మాట్లాడండి. కింద తెలుగుల అక్షరాలు వెయ్యండి. బస్సుల చూసేటోళ్లు సౌండ్ పెట్టరు. సినిమా పాట మాత్రం వెయ్యొద్దు. బిజినెస్ ఖాతాలకు ఆ పాటల లైసెన్స్ ఉండదు, వీడియో సైలెంట్ అయితది, లేకుంటే నోటీసు వస్తది.

వ్యాఖ్యాత: "ప్రైస్ ఇన్‌బాక్స్" అని పెట్టడం?

కన్సల్టెంట్: మొహం చూసి రేటు చెప్తరని జనం అనుకుంటరు. రేటు రాయండి.

మిల్లర్: బూస్ట్ అని పైసలు గుంజుతరు, దాని సంగతి చెప్పమ్మా.

కన్సల్టెంట్: బూస్ట్ అంటే పైసలు కట్టి పోస్టును ఎక్కువ మందికి చూపించుడు. అది చెడ్డది గాదన్నా, జాగ సరిగ్గ పెట్టక చెడిపోతది. ఇండియా మొత్తం పెడితే లైకులు ఎక్కడెక్కడనో వస్తయి, వడ్లు రావు. మీకు హాలియా, నిడమనూరు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, సాగర్ ఎడమ కాల్వ కింది ఊర్లు చాలు. మిర్యాలగూడ మీద పిన్ పెట్టి 40 కిలోమీటర్లు గియ్యండి. రోజుకు 300, అయిదు రోజులు. మీద 18 శాతం జీఎస్టీ పడ్తది, అది లెక్కల పెట్టుకోండి. లైకులు చూడొద్దు, ఎన్ని ఫోన్లొచ్చినయో కాగితం మీద రాసుకోండి.

వ్యాఖ్యాత: పేజీ పోయిందని మొత్తుకునేవాళ్లు కూడా ఉన్నారు.

కన్సల్టెంట్: పేజీ తెరిచిన పిలగాడు తన ఐడీతోని తెరుస్తడు, పని మానేస్తడు, పేజీ ఆయనతోటే పోతది. పేజీ మీద పూర్తి హక్కు ఇంట్ల ఇద్దరికి ఉండాలె, పిలగానికి పోస్టు పెట్టే హక్కు ఒక్కటి చాలు. ఓనర్ మామూలు ప్రొఫైల్‌ను వ్యాపారానికి వాడొద్దు, 5000 మంది ఫ్రెండ్స్ దగ్గర ఆగుతది. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టాలె. సిమ్ ఎవరి పేరు మీదుందో ఇయ్యాలనే చూసుకోండి, డ్రైవర్ పేరు మీదున్న షాపు నంబర్లు తక్కువేం లేవు.

కంపెనీ సెక్రటరీ: ఓనర్ మొహం బాగా కనిపించే కొద్దీ నకిలీలు పుడతాయి. 2023 డిసెంబర్‌లో రతన్ టాటా పెట్టుబడి సలహా ఇస్తున్నట్టు దొంగ వీడియో తిరిగితే, అది నకిలీ అని ఆయనే ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పాల్సి వచ్చింది. మన ఊళ్లో అంత టెక్నాలజీ కూడా అక్కర్లేదు, ఓనర్ ఫొటో డీపీగా పెట్టి "కొత్త క్యూఆర్ కోడ్, దీనికి పంపండి" అంటే చాలు. డబ్బు తీసుకునే ఖాతా పేరు, నంబరు పేజీలో పైన పిన్ చేయండి. మారిస్తే మెసేజ్‌లో చెప్పం, షాపులో బోర్డు పెడతామని ముందే రాయండి. ఎవరైనా పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

వ్యాఖ్యాత: ఒక కాల్ ఉంది. నారాయణపేట నుంచి. చెప్పండన్నా.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మాకు చీరల షాపు ఉంది మేడం. కస్టమర్లతోని వాట్సాప్ గ్రూపు పెట్టాలెనా, ఛానల్ పెట్టాలెనా?

కన్సల్టెంట్: గ్రూపు వద్దన్నా. అందరి నంబర్లు అందరికి కనిపిస్తయి, వేరే షాపాయన లోపలికొచ్చి ఒక్కొక్కరికి విడిగ మెసేజ్ పెడ్తడు. ఆడవాళ్ల నంబర్లు బయటపడ్తయి, అది మీకు మాటొస్తది. ఛానల్‌ల నంబర్లు కనిపించయి, కొత్త స్టాకు చూపియ్యడానికి బాగుంటది, కానీ వాళ్లు మీతోని మాట్లాడలేరు. పాత కస్టమర్లకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టండి, ఒకటే మెసేజ్ అందరికి విడివిడిగ పోతది, ఒక లిస్టుల 256 మంది పడ్తరు. మీ నంబరు వాళ్ల ఫోన్ల సేవ్ అయి ఉంటేనే అది పోతది. అందుకని బిల్లు కొట్టేటప్పుడే కౌంటర్ కాడ సేవ్ చేయించండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: వారానికి ఎన్ని పంపాలె?

కన్సల్టెంట్: రెండు దాటితే బ్లాక్ కొడ్తరు. ఒకటి కొత్త చీర, రేటుతోని. ఇంకోటి లేకున్నా ఏం గాదు.