చర్చి కార్టూన్లకు ఈ పెన్ ట్యాబ్లెట్ పనికొస్తుందా? గీసి చూపిస్తున్నాను

అందరికీ వందనాలు. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద కనిపిస్తున్న ఈ నల్లటి పలకే పెన్ ట్యాబ్లెట్, దీని మీద పెన్నుతో గీస్తే బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీద పడుతుంది. దీన్ని కంపెనీ వారు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు, వీడియోను ముందుగా తమకు చూపించమనీ అడగలేదు. వస్తువు నా చేతికి ఎలా వచ్చిందో మీకు తెలిసి ఉండాలి కాబట్టి మొదటే చెప్పేశాను. పొడవు వెడల్పులు, పెన్ను ఒత్తిడిని గుర్తించే 8192 స్థాయిలు, పెట్టెలో ఏమేం వస్తాయి అనే వివరాలు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి పోను. చర్చి పత్రికకూ వాట్సాప్ గ్రూపులకూ నేను వేసే కార్టూన్లు దీని మీద ఎలా వస్తున్నాయన్నదే నాకు ముఖ్యం.

నావి చాలా సాదా బొమ్మలు. గుండ్రటి తల, కళ్లకు రెండు చుక్కలు, ఒక ముక్కు, కింద రెండు మూడు మాటలు. సంఘంలో మనం ఎలా నడుచుకుంటున్నామో అందులో కనిపించాలి. చూసినవారు నవ్వాలి, నవ్వాక కాస్త ఆలోచించాలి. దేవుని మందిరంలో హాస్యం ఎందుకని అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారికి నేను సువార్తనే తెరిచి చూపిస్తాను. కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు తీయడానికి బయలుదేరిన మనిషిని ఊహించుకోండి. దోమ పడకుండా వడగట్టుకుని తాగి, ఒంటెను మాత్రం మింగేసే పెద్దమనిషిని ఊహించుకోండి. ఒకటి మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ఉంది, ఇంకొకటి 23లో ఉంది. రెండూ బొమ్మ కట్టిన మాటలే. అక్కడ నిలబడి విన్న జనంలో కొందరైనా పకపకా నవ్వి ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను.

సరే, గీస్తూ మాట్లాడుకుందాం. ఈ రోజు బొమ్మ ఐతుకుది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం. త్రోయలో మేడగదిలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్ర ముంచుకొచ్చి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పౌలు దిగి వచ్చి అతణ్ణి బతికించాడు. తర్వాత పైకి వెళ్లి రొట్టె విరిచి, తెల్లవారేదాకా మళ్లీ మాట్లాడాడు. అది అక్కడే రాసి ఉంది, నేను కల్పించింది కాదు.

ఇదిగో, కిటికీ చట్రం. అందులో ఒక తల, పక్కకు వాలింది. ఇప్పుడు కనురెప్ప చూడండి. పెన్నును అసలు నొక్కడం లేదు, తాకించానంతే. గీత మొదలైంది, సన్నగా, వెంట్రుక మందాన. నేను చెప్పదలచుకున్నదంతా ఈ గీతలోనే ఉంది. ఒత్తిడి స్థాయిలు ఎన్ని వేలని పెట్టె మీద రాస్తారు గానీ, మొదటి గీత పడటానికి ఎంత బరువు కావాలో రాయరు. కార్టూన్ వేసేవాడికి అదే ప్రాణం. ఇంతకు ముందు నా దగ్గర ఉన్న ట్యాబ్లెట్‌లో పెన్నును కాస్త గట్టిగా అదిమితే తప్ప గీత పడేది కాదు. అదిమేసరికి అది లావుగా వచ్చేది. కునికిపాట్లు పడే కుర్రవాడి కనురెప్ప లావైతే వాడు తాగి పడిపోయినవాడిలా కనిపిస్తాడు. చెమట పట్టిన పాస్టరు గారి నుదుటి గీత లావైతే ఆయన కోపిష్టి అయిపోతాడు. మనం ప్రేమతో నవ్వుదామని గీసిన మనిషి, చూసేవారికి వెక్కిరింతగా అందుతాడు. ఎగతాళికీ హాస్యానికీ మధ్య దూరం చాలాసార్లు ఆ కనురెప్ప మందమే.

దీని పెన్నులో బ్యాటరీ లేదు. పలక వెలువరించే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్ను శక్తి తీసుకుంటుంది. అందుకే తేలికగా ఉంది, చాలాసేపు పట్టుకున్నా వేళ్లు లాగడం లేదు. పాతదాని పెన్నులో బ్యాటరీ ఉండేది. దాని బరువంతా పైభాగంలో ఉండి, చిన్న అక్షరాలు రాసేటప్పుడు వెనక్కి లాగేది.

బొమ్మ పూర్తి చేద్దాం. కిటికీ కింద ఇద్దరు సంఘపెద్దలు పరుపు పరుస్తున్నారు. ఒకాయన రెండో ఆయనతో అంటున్నాడు: "అయ్యగారు ‘చివరిగా ఒక్క మాట’ అన్నారు. ఇంకో పరుపు కూడా వేయండి."

ఇక నాకు బాగా చిరాకు తెప్పించిన సంగతి. ట్యాబ్లెట్‌తో పాటు ఒక బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చారు. తెర దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి. ‘క్రీస్తు’ అని టైపు చేశాను. ‘క’ ఒక చోట, క్రావడి విడిగా, ‘స’ తర్వాత పొల్లు, ఆ పక్కన నిలువుగా ‘తు’. వత్తులన్నీ ఊడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి. మన రాష్ట్రంలో అమ్ముతున్న వస్తువుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వత్తు పెట్టడం రాకపోవడం ఏమిటి? కార్టూన్‌లో సగం బొమ్మ, సగం మాట. మాట విరిగితే నవ్వు కూడా విరుగుతుంది. బయటి నుంచి తెచ్చి అతికించినా అదే గతి. ఫాంట్ మార్చినా అదే గతి. కంపెనీ వారికి రాశాను. సాఫ్ట్‌వేర్ విభాగానికి తెలియజేస్తామని జవాబిచ్చారు. ఈ వీడియో తీసే సమయానికి అది బాగుపడలేదు.

కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టేయండి. బొమ్మకు క్రిటా, అక్షరాలకు ఇంక్‌స్కేప్ వాడండి. రెండూ పూర్తిగా ఉచితం. ఇంక్‌స్కేప్‌లో తెలుగు వత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటాయి. ఫాంట్లలో మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. అయితే నా కార్టూన్లకు ఇప్పుడు మాటలు కూడా చేత్తోనే రాస్తున్నాను. తాకితే పడే ఈ గీత వల్ల ‘ఱ’, ‘ళ’ లాంటి మెలికల అక్షరాలు కూడా చిన్న సైజులో అలికిపోకుండా వస్తున్నాయి. బొమ్మ గీసిన చేతి రాతే మాటలోనూ కనిపిస్తే కార్టూన్‌కు వచ్చే నిండుదనం వేరు. బాపు గారి బొమ్మ పక్కన బాపు గారి అక్షరాలు చూసి పెరిగినవాళ్లం, మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. క్రిటాలో గీతను నున్నగా సరిచేసే సదుపాయం ఉంది. చేయి వణికినా గీత వణకదు. కొత్తవారికి అది బాగా నచ్చుతుంది. నేను దాన్ని ఆపేసి గీస్తాను, మిమ్మల్నీ ఆపేయమంటాను. ముసలమ్మ చేతికర్ర గీత కాస్త వణకాలి. ఉపవాస ప్రార్థన చివరి రోజున నిలబడ్డవారి కాళ్ల గీతలు కాస్త వణకాలి. అన్నీ ఒకే నునుపులో వస్తే మనుషులు ప్లాస్టిక్ కుర్చీల్లా తయారవుతారు.

ఇప్పుడు సామాజిక వ్యాఖ్య సంగతికి వస్తాను. సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి మా తిరుపతే కేంద్రం. పోపు పెత్తనాన్ని ఎదిరించిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ పేరు ఇక్కడ చిన్నప్పటి నుంచి వింటాం. లూథర్ స్నేహితుడు, చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్ 1521లో చెక్క అచ్చులతో వేసిన బొమ్మల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. ఎడమ పక్క క్రీస్తు శిష్యుల పాదాలు కడుగుతున్నాడు. కుడి పక్క పోపు తన పాదం ముద్దు పెట్టించుకుంటున్నాడు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు, అంతే. ఆ ఎత్తుగడ ఈ రోజుకీ పదునుగా ఉంది.

నేను అదే ఎత్తుగడతో గీసింది ఇది. ఎడమ గడిలో తువాలు నడుముకు కట్టుకుని వంగి ఉన్న ప్రభువు, యోహాను 13వ అధ్యాయం. కుడి గడిలో క్రిస్మస్ సభ వేదిక మీద ముఖ్య అతిథి కుర్చీ, దాని వీపు మీద పరిచిన తెల్లటి తువాలు. కుర్చీ ఖాళీగానే ఉంది. ఎవరి పోలికా లేదు, మాట కూడా లేదు. ఎడమ తువాలును కాపీ చేసి కుడి గడిలో పెట్టాను, మడత కూడా మార్చలేదు. పత్రికలో వేసినప్పుడు ఒక పెద్దాయన వచ్చి, మా చర్చి గురించే గీశావా అని అడిగారు. మన చర్చి గురించే అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

రెండోది ఇంకా బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఇది మా ఇళ్లలో ప్రతి సర్టిఫికెట్ దగ్గరా ఎదురయ్యే సమస్య. నా మొదటి గడిలో ఆఫీసు కిటికీ: "నువ్వు క్రైస్తవుడివి, ఎస్సీవి కాదు." రెండో గడిలో పెళ్లి సంబంధం మాట్లాడే సంఘపెద్ద: "క్రైస్తవుడే, సంతోషం. ఇంతకీ ఏ కులం?" రెండు గడుల్లోనూ అదే కుర్రవాడు, అదే చొక్కా. రెండో దాంట్లో ఒక కనుబొమ్మ మాత్రం కొద్దిగా వంగింది. ఆ వంపు కాస్త ఎక్కువైతే వాడు ఏడుస్తున్నట్టు ఉంటుంది, తక్కువైతే పట్టించుకోనట్టు ఉంటుంది. ఆ ఒక్క గీత కోసం ఈ పెన్నుతో ఎంతసేపైనా కూర్చోగలిగాను. నవ్వాల్సింది కుర్రవాణ్ణి చూసి కాదు. ఆ పెద్దాయన ప్రశ్నను చూసి.

పొరుగువారి భక్తి మీద నేను కార్టూన్ వేయను. ఇది నా గట్టి నియమం. ఎన్నో లక్షలమంది మొక్కులతో వచ్చే ఊరిలో ఉంటున్నాను, వారి భక్తి నాకు హాస్యపు సరుకు కాదు. పైగా మొదట్లో గీతతో గాయపడింది మనవారే. రోమ్‌లో పాలటైన్ కొండ మీద 1857లో ఒక పాత గోడ గీత బయటపడింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద నిలబడి చేయెత్తిన ఒక విశ్వాసి. ‘అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు’ అని పక్కన రాత. ఎవరో తన తోటివాణ్ణి అలా వెక్కిరించారు. అలాంటి గీత మన చేతి నుంచి పడకూడదు. మన ఇంట్లో గీయాల్సినవి బోలెడున్నాయి. సిలువ కన్నా పెద్దగా ప్రసంగీకుడి ముఖం వేసిన ఫ్లెక్సీలున్నాయి, అర్ధరాత్రి దాటినా ఆగని మైకులున్నాయి, కట్నం అనకుండా కానుక అనే కుటుంబాలున్నాయి.

పని సంగతులు త్వరగా చెప్పేస్తాను. పెట్టగానే గుండ్రటి తల కోడిగుడ్డు ఆకారంలో వస్తే కంగారు పడకండి. పలక నిష్పత్తి వేరు, మీ ల్యాప్‌టాప్ తెర నిష్పత్తి వేరు. ట్యాబ్లెట్‌ను ల్యాప్‌టాప్‌తో కలిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్ సెట్టింగుల్లో రెండింటినీ సమానం చేయండి. పత్రిక కోసమైతే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు పెట్టి పూర్తి నలుపులో గీయండి. బూడిద రంగు నీడలు జిరాక్స్‌లో మచ్చలైపోతాయి. వాట్సాప్‌కు చతురస్రం మంచిది, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఆదివారం ఉదయం కళ్లద్దాలు లేకుండా ఫోను చూసే పెద్దమ్మలకు కూడా అవి కనబడాలి.

మా ఎండల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అరచేయి పలకకు అతుక్కుంటుంది. చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ తొడిగే తొడుగు పెట్టెలోనే ఇచ్చారు, అది లేకపోతే గీత మధ్యలో చేయి ఆగిపోతుంది. పలక ఉపరితలం కాగితంలా గరుకుగా ఉంది. గీయడానికి హాయిగా ఉన్నా నిబ్బును త్వరగా అరగదీస్తుంది. వేసవి బైబిలు బడి పిల్లలకు గీయమని ఇచ్చాను. వారు నోవహు ఓడలోకి జంతువులన్నిటినీ ఎక్కించేసరికి నిబ్బు ఏటవాలుగా అరిగింది. తిరుపతి దుకాణాల్లో అడిగితే ఈ నిబ్బులు దొరకలేదు, తెప్పించుకోవాల్సిందే.

మరి కొనవచ్చా? సాఫ్ట్‌వేర్ చూసి మార్కులు వేస్తే ఇది తప్పుతుంది. వత్తుల విషయంలో నా కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. అయినా కొనమనే చెబుతాను. ఇంత తేలికగా తాకితే పలికే గీత ఈ ధరలో నా చేతికి ఇంతవరకూ దొరకలేదు, మన బొమ్మలకు కావలసింది ఆ గీతే. రంగుల చిత్రాలు వేసేవారు, పెద్ద బొమ్మలు వేసేవారు దీనికన్నా పెద్ద పలక చూసుకోండి. పాత ట్యాబ్లెట్ ఉన్నవారు ముందు దాని మీద పెన్నును నొక్కకుండా ఒక కనురెప్ప గీసి చూడండి. సన్నగా వస్తే మీకు ఇది అవసరం లేదు. కొనేవారు మాత్రం అదనపు నిబ్బులు ఎన్ని ఇస్తున్నారో అడిగి మరీ కొనండి.