విప్పని కవర్లు, పట్టని నిద్ర: ఐరిష్ ట్రావెలర్ల అప్పులు

అందరికీ నమస్కారం. ఐర్లాండ్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు నర్సులు, డాక్టర్ల కోసం ఈ నాలుగు మాటలు. నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంది అంటూ ఒక ఐరిష్ ట్రావెలర్ (ఇక్కడి సంచార జాతి మనిషి) వస్తే మందుల గురించి, తాగుడు గురించి అడుగుతాం. అప్పుల గురించి అడగం. అడగాలి.

2022 జనాభా లెక్కల్లో ట్రావెలర్లుగా నమోదైనవారు 32,949 మంది. ఈ దేశపు సొంత సంచార ప్రజలే అయినా, ప్రభుత్వం వాళ్ళను ప్రత్యేక జాతిగా గుర్తించింది 2017 మార్చి 1న. తగరం పాత్రలకు మాట్లు వేయడం, గుర్రాల బేరం, పాత ఇనుము, పొలాల్లో సీజను పనులు వాళ్ళ బతుకుతెరువు. ప్లాస్టిక్ వచ్చి మాట్ల పని పోయింది. గుర్రాల పెంపకాన్ని కట్టడి చేస్తూ 1996లో ఒక చట్టం వచ్చింది. అనుమతి లేని చోట బండి ఆపి ఉండటాన్ని 2002 చట్టం నేరం చేసింది. ఇక 2010 నాటి ఆరోగ్య అధ్యయనం చూస్తే, ట్రావెలర్ మగవాళ్ళలో ఆత్మహత్యల రేటు మిగతా జనాభా కన్నా 6.6 రెట్లు. దీనికంతటికీ అప్పే కారణమనలేం. వివక్ష ఉంది, ఒక చావు వెంట ఇంకో చావు చూసిన దుఃఖం ఉంది. కానీ అప్పు ఆ ముడులన్నిటినీ ఇంకా బిగిస్తుంది.

ఎలాగంటే, చలికాలంలో వాళ్ళు ఇల్లుగా వాడుకునే ఒక ట్రెయిలర్‌ను ఊహించుకోండి. గోడలు పల్చన, కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటాయి, వేడి నిలవదు. ప్రీపే మీటర్ (ముందే డబ్బు వేసుకునే మీటర్) ఖాళీ అయితే అత్యవసర క్రెడిట్, అంటే మీటరే అప్పుగా ఇచ్చే కాస్త మొత్తం, వాడతారు. తర్వాత 20 యూరోలు వేస్తే మీటర్లో 20 కనబడదు. వాడుకున్న క్రెడిట్, స్థిర చార్జీ ముందు కోసుకుంటుంది. ఆ కోత అర్థం కాక ఇంట్లో ఒకరినొకరు అనుమానించుకుంటారు.

అప్పుడే ఇంటి గుమ్మానికి వచ్చి వసూలు చేసుకునే వడ్డీ వ్యాపారి కనిపిస్తాడు. వారం వారం కిస్తీ గుమ్మంలో నిలబడటం ఎలా ఉంటుందో 2010 నాటి మైక్రోఫైనాన్స్ రోజులు చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. లైసెన్సు ఉన్నవాడు ఏడాదికి నూటికి 48 దాటి తీసుకోకూడదని 2022 చట్టం. అయినా 500 యూరోలకు ఏడాదిలో 740 కట్టాల్సి రావచ్చు. అదే క్రెడిట్ యూనియన్ (సభ్యుల పొదుపు సహకార సంఘం) చిన్న రుణ పథకంలో 12 శాతం లెక్కన వడ్డీ సుమారు 30 యూరోలే. లైసెన్సు లేనివాడి దగ్గర లెక్క ఉండదు, బెదిరింపు ఉంటుంది. అక్కడ వ్యవహారం మీ చేయి దాటినట్టే. ఆ మనిషి భద్రతే ముందు చూడండి.

ఇక సిగ్గు సంగతి. పెళ్ళి, తొలి కమ్యూనియన్ (పిల్లలకు చర్చిలో చేసే వేడుక), సమాధి రాయి, ఇవన్నీ కుటుంబ గౌరవానికి సంబంధించినవి. "ఆ ఖర్చు తగ్గించుకోండి" అన్నారా, ఆ మనిషి మళ్ళీ మీ గుమ్మం తొక్కడు. చాలామంది పెద్దవాళ్ళకు చదువు అబ్బలేదు కాబట్టి వచ్చిన ఉత్తరాలు విప్పకుండా డ్రాయర్లో పడేస్తారు. విప్పని కొద్దీ బకాయి పెరుగుతుంది, చివరికి కోర్టు కాగితం వస్తుంది. కొందరు ఈలోపు బంధువులకు మొహం చాటేస్తారు. చుట్టూ అయినవాళ్ళే ఉన్న చోట ఒక మనిషి మౌనంగా తప్పుకుంటున్నాడంటే అది ప్రమాద సూచన.

కాబట్టి గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు మెల్లగా అడగండి: "విప్పని ఉత్తరాలు ఏమైనా ఉన్నాయా?" ఉన్నాయంటే తెమ్మనండి, పక్కన కూర్చుని చదివి పెట్టండి. అద్దె, కరెంటు, గ్యాస్, తిండి ఒక దొంతర. మిగతా అప్పులు ఇంకో దొంతర. ప్రభుత్వ భత్యం వారానికోసారి వస్తుంది కనుక లెక్క కూడా వారానికే వేయండి, నెలకు వేస్తే కుదరదు. తర్వాత అప్పులపై సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ మ్యాబ్స్‌కు (MABS) మీ ముందే ఫోన్ చేయించండి: 0818 07 2000. సలహాకు రుసుము లేదు, గుట్టు బయటపడదు, అప్పిచ్చినవాళ్ళతో మ్యాబ్స్ వాళ్ళే మాట్లాడతారు.

చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. వస్తోందంటే ఒంటరిగా పంపకండి, ఆ రోజే మానసిక వైద్య బృందానికి చూపించండి. మనసు బాగోలేనివారి మాట వినే సహాయ సంస్థ సమారిటన్స్ నంబరు 116 123 రాత్రీ పగలూ పలుకుతుంది.

మన ఏర్పాట్లు ఎక్కువగా బెడిసికొట్టేది అపాయింట్‌మెంట్ దగ్గరే. ఉత్తరం పోస్టులో పంపుతాం, అదీ ఆ డ్రాయర్లోకే పోతుంది. మనిషి రాలేదని జాబితాలో పేరు కొట్టేస్తాం. ముందు రోజు ఫోన్ చేయండి, ఆ ఉదయం ఇంకోసారి చేయండి. మొదటిసారి రాకపోయినా పేరు ఉంచి, రెండో తేదీ ఫోన్లోనే ఖాయం చేయండి.