ఎపిసోడ్ 41: పులిని చూసి వాత పెట్టుకున్న నక్క

చైతన్య: రికార్డవుతోందా? ఆ. నమస్కారం, నేను చైతన్య.

సుధ: నేను సుధ. ఫ్యాన్ ఆపేశాం. శ్రీకాకుళం నుంచి మెయిల్ పెట్టినాయన ఇక శాంతించవచ్చు.

చైతన్య: ఈసారి చిన్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌ల గురించి. ఒక్క పనిలో ఆరితేరినవి. పెద్దవాటిని చూసి అన్నీ నెత్తికెత్తుకోవాలా, తమకొచ్చిన పనే చేసుకోవాలా? మూడు ఉదాహరణలు రాసుకొచ్చాను. మొదటిది ట్రాకర్లు, అంటే స్వరాల్ని నిలువు జాబితాలా రాసి పాట కట్టే సాఫ్ట్‌వేర్‌లు. 1987లో అమీగా కంప్యూటర్ మీద అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అని...

సుధ: అంతకు ముందు నాదొకటి.

చైతన్య: తంబూరేనా?

సుధ: తంబూరే.

చైతన్య: అక్కా, పోయిన ఎపిసోడ్‌లో చెప్పావు.

సుధ: అప్పటికింకా అప్‌డేట్ రాలేదుగా! పేరు చెప్పను. ఆరేళ్లుగా వాడుతున్న యాప్. తెరిస్తే శ్రుతి, నొక్కితే తంబూర. మొన్న ఆదివారం పొద్దున్నే ఎనిమిదిమంది పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. తెరిచానా, లాగిన్ అవ్వమంది. అయ్యాను. "మీ మొదటి బీట్ తయారు చేసుకోండి" అంది. డ్రమ్స్‌ట! నాకు కావలసింది ఐదున్నర శ్రుతి. అదెక్కడుందో నేను వెతుక్కునేలోపు ఒకడు ఫోన్ లాక్కుని నిజంగానే బీట్ కట్టేశాడు.

చైతన్య: బాగుందా?

సుధ: బాగుంది. అదే నా బాధ.

చైతన్య: వాళ్ల టెన్షన్ వాళ్లది. పక్క యాప్‌లో ఉన్నది మనదాంట్లో లేకపోతే జనం పోతారని.

సుధ: పక్కవాళ్లది పెట్టారు సరే, ఉండాల్సింది పెట్టారా? హిందోళం పాడిద్దామంటే పంచమం తీగని మధ్యమానికి మార్చే వీల్లేదు. హిందోళంలో పంచమమే లేదు కదా. వెనక తంబూర ‘ప’ అంటుంటే పిల్ల ‘మ’ మీద ఎలా నిలుస్తుంది? అసలు తంబూరైతే బిరడా తిప్పి ఆ ఒక్క తీగా దించుతాం, అయిపోయింది.

చైతన్య: ఆగాగు. నేను ఫీచర్లు పెంచొద్దని చెబుదామని వచ్చాను. నువ్వు ఫీచర్ అడుగుతున్నావు.

సుధ: ఫీచర్ కాదురా. తంబూరంటేనే అది.

చైతన్య: డ్రమ్స్ కావాలన్న పిల్లాడూ అదే అంటాడు.

సుధ: వాడికి డ్రమ్స్‌కి బోలెడు యాప్‌లున్నాయి. నా హిందోళానికి ఎన్నున్నాయో చెప్పు.

చైతన్య: ...సరే. రెండోది, రీజన్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్, దాని సంగతి చెప్పనీ.

సుధ: కేబుళ్లు.

చైతన్య: కేబుళ్లే! స్టాక్‌హోమ్‌లో ప్రొపెల్లర్‌హెడ్ అనే కంపెనీ 2000లో తెచ్చింది. తెర మీద స్టూడియో రాక్, అంటే పరికరాలు పేర్చే స్టాండు. అందులో శబ్దం పుట్టించే సింథ్‌లూ, రికార్డు చేసిన శబ్దాల్ని వాయించే శాంప్లర్లూ ఒకదాని కింద ఒకటి. ట్యాబ్ నొక్కితే రాక్ మొత్తం వెనక్కి తిరుగుతుంది, వైర్లు ఊగుతుంటాయి. ఊగినందువల్ల సౌండేమీ మారదు. కానీ ఏ వైరు దేనికి గుచ్చితే ఏమవుతుందో కళ్లముందే కనిపిస్తుంది. నేను సింథసిస్ నేర్చుకున్నది అక్కడే, కాలేజీలో కాదు.

సుధ: కాలేజీలో నువ్వు నేర్చుకున్నదేంటో విజయనగరం పెళ్లిలో చూశాం.

చైతన్య: ఇది కట్ చేస్తాను. అయితే దాంట్లో గొంతు రికార్డు చేసే దారి లేదు, బయటి ప్లగిన్లు, అంటే వేరేవాళ్లు చేసిన వాయిద్యాలూ ఎఫెక్టులూ, పడవు. జనం ఏళ్ల తరబడి అడిగారు. 2011లో ఆరో వెర్షన్‌కి ఆడియో రికార్డింగ్, 2017లో వీఎస్‌టీ అనే రకం బయటి ప్లగిన్లు వచ్చాయి.

సుధ: నక్క వాత పెట్టుకుంది.

చైతన్య: పెట్టుకుంది. ఆ రికార్డింగ్ నాకు పనికొచ్చింది కూడా, అబద్ధమెందుకు. కానీ 2019లో పదకొండో వెర్షన్ చూడు. ఆ రాక్‌నే ప్లగిన్‌గా చేసి ఇచ్చారు. పాట ఏబుల్టన్ లైవ్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో కట్టుకో, వైర్లు మాత్రం మా దగ్గర గుచ్చుకో అని.

సుధ: ఇల్లరికం వెళ్లిందన్నమాట.

చైతన్య: ఇల్లరికమే! కాకపోతే తన వంటపాత్రలు తాను మోసుకెళ్లిన అల్లుడు. అందుకే ఇంకా గౌరవంగా పిలుస్తున్నారు.

సుధ: అయితే మా తంబూర వాళ్లనీ ఏ డ్రమ్స్ యాప్‌లోకో ఇల్లరికం వెళ్లమను.

చైతన్య: మళ్లీ తంబూర. అవునూ, అమ్మమ్మ తంబూర ఇంకా అటక మీదే ఉందా?

సుధ: దించాను. సంక్రాంతికి.

చైతన్య: చెప్పలేదే.

సుధ: ఏం చెప్పను? ఒక తీగ తెగింది, మిగతావి నల్లబడ్డాయి. కొత్తవి వేయించాను. మోగింది గానీ చెక్క మీద కొట్టినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మమ్మ బ్రిడ్జి మీద తీగ కింద దారం పెట్టేది. జాకెట్లు కుట్టే దారమే. పెట్టి, అటూ ఇటూ జరుపుతూ మీటుతున్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు... ఒక్కచోట, వెంట్రుకవాసి జరిగిందంతే, జుమ్మని లేచింది. పక్కగదిలో అమ్మ టీవీ ఆపేసింది.

చైతన్య: పెద్దమ్మ ఏమంది?

సుధ: ఏమీ అనలేదు. మళ్లీ టీవీ పెట్టలేదు.

చైతన్య: ...

సుధ: ఆ దారం జరుపుకునే వీలు యాప్‌లో ఇవ్వమను, డబ్బిచ్చి కొంటాను. లాగిన్ కూడా అవుతాను.

చైతన్య: ట్రాకర్లు మిగిలిపోయాయి. అమీగాలో నాలుగే చానళ్లు, స్వరాలు పైనుంచి కిందికి జారతాయి. రెనాయిజ్ అనే ఈ కాలపు ట్రాకర్ ఇప్పటికీ అలాగే, నిలువునే. అంతే. ఇక మూడోది... ఏదో రాసుకున్నాను, నా రాత నాకే తెలియట్లేదు.

సుధ: బెల్ మోగింది.

చైతన్య: ఇవాళ క్లాసు లేదుగా?

సుధ: ఆ బీట్ కట్టినవాడు. దాని మీద హిందోళం పాడి వినిపిస్తాట్ట. ఆపు, ఆపు, వాడు మైకు చూశాడంటే...