ధ్రువం మీద నిలబడితే ఉత్తరం ఎటు?

అందరికీ నమస్కారం.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నల్లోంచి మూడు ఏరుకున్నాను. దక్షిణ ధ్రువం దగ్గర నిలబడినవాళ్లు కింద పడిపోరా? అక్కడ మన బరువు మారుతుందా? దిక్సూచి అక్కడ గిర్రున తిరుగుతుందట, నిజమేనా? మూడింటి వెనకా ఒకే ఊహ ఉంది: ధ్రువం అంటే ఏదో శక్తి దాగిన చోటని. నిజానికి భూమి ఏ గీత చుట్టూ తిరుగుతోందో, ఆ గీత నేలను తాకే చోటే ధ్రువం. బొంగరానికి మేకు ఉన్నట్టు అక్కడేమీ దిగేసి లేదు. అది లెక్కలో పుట్టిన బిందువు.

ముందు దిక్కుల సంగతి. భూమి తిరిగే వైపును తూర్పు అంటున్నాం. భూమధ్యరేఖ మీద ఉన్న మనిషిని భూమి గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు మోసుకుపోతుంది. ధ్రువం మీద ఉన్నవాడు ఎటూ పోడు, ఉన్నచోటే రోజుకో చుట్టు తిరుగుతాడు. అందుకే అక్కడ తూర్పూ లేదు, పడమరా లేదు. దక్షిణ ధ్రువం నుంచి ఎటు అడుగేసినా ఉత్తరమే. సరిగ్గా ఆ బిందువు మీద ఇల్లు కడితే నాలుగు గుమ్మాలూ ఉత్తరానికే తెరుచుకుంటాయి. వాస్తు సిద్ధాంతిగారికి అక్కడ పని ఉండదు.

మరి అక్కడి అముండ్‌సెన్-స్కాట్ పరిశోధన కేంద్రంలో ఉండేవాళ్లు దారి ఎలా చెప్పుకుంటారు? రేఖాంశాల లెక్క సున్నాతో మొదలయ్యే గ్రీనిచ్ రేఖ వెళ్లే వైపును ఉత్తరమని ఒప్పందంగా పెట్టుకున్నారు. గడియారాలకు న్యూజిలాండ్ టైమ్ వాడతారు, ఎందుకంటే మనుషులూ సామాన్లూ ఆ దేశం మీదుగానే వస్తాయి. కాళ్ల కింద ఉన్న మంచు ఏడాదికి సుమారు 10 మీటర్లు జరుగుతుంది కాబట్టి, ధ్రువాన్ని చూపే గుర్తును ఏటా జనవరి 1న మళ్లీ కొలిచి కొత్తచోట పాతుతారు.

ఇక పడిపోవడం. కింద అంటే భూమి కేంద్రం వైపు, అంతే. ఆ భయం మనకు స్టాండుకు బిగించిన గ్లోబు వల్ల వచ్చింది. ఉత్తరాన్ని పైన పెట్టడం పటాలు గీసేవాళ్ల అలవాటు, భూమికి ఆ పట్టింపు లేదు.

బరువు మాత్రం మారుతుంది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న కాయెన్‌కు లోలకం గడియారం తీసుకెళ్తే, పారిస్‌లో సరిగ్గా నడిచింది కాస్తా అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి లాగుడు తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది మరి. భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉందని న్యూటన్ చేసిన వాదనకు ఇది ఆసరా అయింది. భూమి కేంద్రం నుంచి కొలిస్తే ఆ తేడా సుమారు 21 కిలోమీటర్లు. గురుత్వ త్వరణం, అంటే కిందపడే వస్తువు వేగం సెకను సెకనుకూ పెరిగే లెక్క, భూమధ్యరేఖ దగ్గర సెకనుకు 9.78 మీటర్లు, ధ్రువాల దగ్గర 9.83. ఈ తేడాలో మూడింట రెండు వంతులు భూభ్రమణం వల్ల, మిగతాది భూమి ఆకారం వల్ల వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర 60 కిలోలు చూపిన స్ప్రింగు కాటా సముద్రమట్టం దగ్గరి ధ్రువంలో ఇంకో 300 గ్రాములు ఎక్కువ చూపుతుంది. తక్కెడలో తూస్తే ఏ తేడా ఉండదు. అవతలి పళ్లెంలోని రాళ్లూ అంతే బరువెక్కుతాయి కదా!

అసలు చిక్కంతా అయస్కాంతం దగ్గరే. అయస్కాంత ధ్రువం వేరే చోటు, భూమి అయస్కాంత లాగుడు సరిగ్గా నిలువుగా ఉండే చోటు. 1831 జూన్ 1న జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు ఉత్తర కెనడాలోని బూథియా ద్వీపకల్పంలో ఉత్తరపు అయస్కాంత ధ్రువాన్ని పట్టుకున్నాడు. అక్కడ పైకీ కిందికీ తిరగగలిగే వంపు సూది దాదాపు నిట్టనిలువుగా నిలబడింది. భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువ ప్రాంతాల్లో బలహీనమేమీ కాదు, భూమధ్యరేఖ దగ్గరకంటే బలమైనది. కానీ లాగుడంతా నిలువుగా ఉంటుంది. మన దిక్సూచి సూదేమో అడ్డంగా మాత్రమే తిరగగలదు. దాన్ని ఎటో ఒకవైపు తిప్పే బలం అందక, గిర్రున తిరగడానికి బదులు మొద్దుగా ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇప్పుడో తమాషా. భౌగోళిక దక్షిణ ధ్రువంలో దిక్సూచి పనిచేస్తుంది! దక్షిణ అయస్కాంత ధ్రువం అక్కడికి 2,800 కిలోమీటర్లకు పైగా దూరంలో, అంటార్కిటికా ఒడ్డు దాటి సముద్రంలో ఉంది. సూది దక్షిణపు కొన ఆ వైపు చూపుతుంది. అయితే ధ్రువం నుంచి ఎటు చూసినా ఉత్తరమేనని ఇందాకే అనుకున్నాం. అంటే దక్షిణపు కొన ఉత్తరాన్ని చూపుతోంది. నాకైతే ధ్రువాల గురించి ఇంతకంటే ముచ్చటైన విషయం ఇంకోటి లేదు.

పైగా ఈ అయస్కాంత ధ్రువాలు కుదురుగా ఉండవు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే ద్రవ ఇనుము కదలికలతో అవీ కదులుతాయి. ఉత్తరానిది కెనడాను వదిలి సైబీరియా వైపు, ఒక దశలో ఏడాదికి 50 కిలోమీటర్లకు పైగా జరిగింది. దాంతో ఓడలూ విమానాలూ మన ఫోన్లూ వాడే ప్రపంచ అయస్కాంత నమూనాను, అంటే ఎక్కడ దిక్సూచి ఎటు చూపుతుందో చెప్పే లెక్కను, 2019లో గడువుకు ముందే సరిచేయాల్సి వచ్చింది.

సూది పూర్తిగా అడ్డంగా ఉండే అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో మన దేశం నుంచి తొలి రాకెట్టు ఎగిరిన, కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. మన తెలుగు ప్రాంతాలు ఆ రేఖకు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి ఇక్కడ సూది ఉత్తరపు కొన కొంచెం నేలవైపు వంగుతుంది. ఆ వెనక బల్ల మీద కుట్టుసూదులూ దారమూ అయస్కాంతమూ పెట్టాం. సూదిని ముందు దారంతో సమంగా వేలాడదీయండి, ముడి కదలకుండా అయస్కాంతంతో రుద్దండి, మళ్లీ వేలాడదీసి ఏ కొన దిగిందో చూడండి. ఫోన్లు మాత్రం బల్లకు దూరంగా పెట్టండి.