‘సెకండాఫ్ ల్యాగ్’ అన్నారంటే ఎక్కడ వెతకాలి?

సభలోని మిత్రులందరికీ నమస్కారం.

తక్కువ ఖర్చులో యాక్షన్ థ్రిల్లర్ తీయాలనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం. వరస హత్యలు చేసేవాణ్ణి పోలీసు వెంటాడే కథ. పెద్ద హీరో లేడు, పాటల్లేవు, నాలుగైదు లొకేషన్లు. మార్నింగ్ షో వదిలాక హాలు బయట వినబడే మాటలు దాదాపు ఎప్పుడూ అవే. ‘సెకండాఫ్ ల్యాగ్’, ‘విలన్ తేలిపోయాడు’, ‘చీకట్లో ఏమీ కనబడలేదు’, ‘లాజిక్ లేదు’, ‘ఫ్యామిలీతో చూడలేం’. ఈ మాటల్ని కొట్టిపారేసే దర్శకులున్నారు. ఉన్నదున్నట్టు తీసుకుని రాత్రికి రాత్రే ఇరవై నిమిషాలు ట్రిమ్ చేసేవాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే. నొప్పి ఎక్కడుందో ప్రేక్షకుడికి కచ్చితంగా తెలుసు. కారణం మాత్రం చాలాసార్లు అతను చూపించిన చోట ఉండదు, అంతకు ముందే ఎక్కడో ఉంటుంది.

ల్యాగ్ సంగతే చూడండి. హంతకుడెవరో ప్రేక్షకుడికి ఇంటర్వెల్‌కే తెలిసిపోతే, ఆ తర్వాత పోలీసులు చేసే ప్రతి విచారణా అతనికి తెలిసిన విషయమే. రెండు నిమిషాల సీను కూడా సాగుతుంది. కత్తిరించినా సాగుతుంది. ఎలా తెలిసిపోయింది? తరచూ ఆర్టిస్టుల ఎంపికలోనే. అందరికీ తెలిసిన నటుడు డాక్టరుగానో పక్కింటాయనగానో వచ్చి రెండు డైలాగులు చెప్పి వెళ్లిపోతే, ‘ఈయన్ని ఇంత చిన్న వేషానికి ఎందుకు పెట్టారు?’ అనుకోని ప్రేక్షకుడు ఉండడు. ఆ పాత్రకు కథలో హత్యతో సంబంధంలేని గట్టి పని ఒకటి ఇవ్వండి. దీనికి భయపడి కొందరు రెండో తప్పు చేస్తారు. క్లైమాక్స్ దాకా ఎక్కడా కనిపించని మనిషిని తెచ్చి, పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌తో ఇతనే హంతకుడంటారు. ‘విలన్ తేలిపోయాడు’ అన్న మాట అక్కడ పుడుతుంది. ఆ నటుడు బాగా చేసినా పుడుతుంది. రెండు గంటలు తనూ వెతికిన ప్రేక్షకుడికి, అసలు మనిషి తను వెతికిన గుంపులోనే లేడని తెలిస్తే కోపం రాదా?

తమిళ ‘రాక్షసన్’ (2018)కు తెలుగు రీమేక్‌గా 2019లో వచ్చిన ‘రాక్షసుడు’లో ఫస్టాఫ్‌లో అనుమానం ఒక టీచరు మీదికి వెళ్తుంది. ఈ హత్యలు అతను చేయలేదు, కానీ స్కూల్లో ఆడపిల్లలతో అతను చేస్తున్నది వేరే నేరం. అంటే ప్రేక్షకుడు పెట్టుకున్న అనుమానం వృథా కాలేదు, సగం నిజమైంది. మనవాళ్లు తప్పుదారి పట్టించడానికి ఎర్రకళ్ల వాచ్‌మన్‌ను పెట్టి, తర్వాత అమాయకుడని వదిలేస్తారే, దానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఇక ఫైట్లు. ‘ఎవరు ఎవర్ని కొడుతున్నారో అర్థం కాలేదు’ అన్నారంటే తప్పు ఎడిటింగ్‌దని అందరూ అంటారు. ఎడిటర్ చేతికొచ్చిన షాట్లు చూస్తే తెలుస్తుంది, దెబ్బలు కలవని షాట్లను దాచడానికే అతను అంత వేగంగా కోశాడని. సగం కాల్షీట్‌లో, అంటే సగం రోజు షూటింగ్‌లో, ఆరుగురు ఫైటర్లతో గోడౌన్‌లో తీస్తే అంతకంటే రాదు. డబ్బు లేనప్పుడు ఇరుకు చోటు ఎంచుకోండి. మెట్లు, లిఫ్ట్ ముందు వరండా, బాత్రూమ్. ఇద్దరే మనుషులు. ఫైట్ మాస్టర్‌తో రెండు రోజులు ఉత్త రిహార్సల్ చేసి, ఫోన్‌తో తీసి చూసుకోండి.

ఒక్క గుద్దు వివరంగా చూద్దాం. కెమెరా దెబ్బ తినేవాడి భుజం వెనకో, కొట్టేవాడి భుజం వెనకో ఉండాలి. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో లెన్స్‌కు అడ్డంగా దాటాలి, అప్పుడే మధ్యలో ఉన్న ఖాళీ కనబడదు. పక్కనుంచి తీస్తే ఆ ఖాళీ అద్దంలా కనబడుతుంది. తల తిరగడం పిడికిలి దాటే క్షణంలోనే జరగాలి. తర్వాతి షాట్‌కు కట్ చేసేటప్పుడు రెండు మూడు ఫ్రేముల కదలికను మళ్లీ చూపిస్తేనే దెబ్బ తగిలినట్టు ఉంటుంది, లెక్కగా అతికిస్తే దెబ్బ మాయమవుతుంది. రబ్బరు కత్తి ఒంటికి తగిలితే వంగుతుంది కాబట్టి క్లోజప్‌కు మొండి చేసిన అల్యూమినియం కత్తి, తాకే షాట్‌కు రబ్బరుది, రెండూ దగ్గర ఉంచుకోండి.

రక్తం విషయంలోనూ జనం చూపు సూక్ష్మం. ఒక కప్పు లిక్విడ్ గ్లూకోజ్, పావు కప్పు నీళ్లు, చెంచా ఎర్ర ఫుడ్ కలర్, అర చెంచా కోకో పొడి కలిపితే కెమెరాకు సరిపోయే రక్తం వస్తుంది. కోకో లేకపోతే అది గులాబీ షర్బత్‌లా మెరుస్తుంది. రాత్రి జరిగిన హత్యను పోలీసులు పొద్దున చూసే సీనులో అదే తాజా ఎరుపు వాడకూడదు. ఎండిన రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది, అక్కడ కోకో రెట్టింపు వేయాలి. పైగా గ్లూకోజ్‌కు అరగంటలో చీమలు పడతాయి. శవంగా పడుకున్న ఆర్టిస్టు కదిలేది అందుకే.

చీకటి ఫిర్యాదుకు మూలం డీఐ గదిలో, అంటే సినిమా రంగులు, వెలుగు సరిచేసే చోట ఉంది. థియేటర్ తెర ప్రమాణ వెలుతురు 48 నిట్లు (తెర వెలుగును కొలిచే లెక్క). లాప్‌టాప్ స్క్రీన్ రెండు వందలు దాటుతుంది. లాప్‌టాప్‌లో అందంగా కనిపించిన రాత్రి సీను, ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడ్డ హాలులో నల్లగుడ్డ. ఫ్రేములోనే వెలుగుకు ఒక కారణం పెట్టండి. వీధి దీపం, టార్చి, మీటర్ బోర్డు పక్కన బల్బు, ఏదైనా సరే. రిలీజ్‌కు ముందు ఒక మామూలు హాలులో వేసి చూడండి. ట్యూబ్‌లైట్ల కింద సెకనుకు 24 ఫ్రేములకు తీస్తే కెమెరా షట్టర్ కోణం 172.8 డిగ్రీలు, అంటే సెకనులో 50వ వంతు, పెట్టాలి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. లేకపోతే గోడలు మినుకుమినుకుమంటాయి.

లాజిక్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. హీరో ఎస్ఐ రక్తం మరకల చొక్కాను ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేస్తాడు. అది తప్పు. తేమకు ఆధారం పాడైపోతుంది, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. స్టేషన్లో నాలుగు తగిలిస్తే హంతకుడు ఒప్పుకుంటాడు, సినిమా అయిపోతుంది. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ అదే చెబుతోంది. కానీ అతను చెప్పిన సమాచారంతో ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. అంటే క్లైమాక్స్ కొట్టడంలో లేదు, ఆ వస్తువు దొరకడంలో ఉంది. అరెస్టయ్యాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న నియమం మీకు ఉచితంగా దొరికిన గడియారం. దాన్ని వాడుకోకుండా గోడ మీద టైమ్ బాంబు పెట్టడమెందుకు? డీఎన్ఏ రిపోర్టు కూడా గంటలో తెప్పించకండి. ఎదురుచూపులోనే ఉత్కంఠ ఉంది.

‘ఫ్యామిలీతో చూడలేం’ అన్నమాటను సెన్సార్ సర్టిఫికెట్‌తోనే ముడిపెట్టకండి. ‘ఎ’ వస్తే టీవీ ప్రసారం కుదరదు, శాటిలైట్ డబ్బు, అంటే టీవీ హక్కుల డబ్బు, పోతుంది, చిన్న నిర్మాతకు అది పెద్ద దెబ్బ, నిజమే. 2024 నుంచి యూఏలో (పిల్లలు పెద్దల తోడుతో చూసే సర్టిఫికెట్) 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి కాబట్టి స్క్రిప్టు దశలోనే దేనికి తీస్తున్నారో తేల్చుకోవచ్చు. అయితే ముఖ్యంగా ఆడవాళ్లు ఆ మాట అన్నప్పుడు రక్తం గురించి మాత్రమే అనడం లేదు. చనిపోయిన అమ్మాయి తెరమీద ఒక శవంగానే వచ్చి, శవంగానే వెళ్లిపోయింది. కెమెరా ఆమె ఒంటి గాయాల మీద తిరిగింది గాని, ఆమె ఎవరో చెప్పలేదు. దీనికి డబ్బు అక్కర్లేదు. హాస్టల్ గదిలో ఆరేసిన యూనిఫాం, ఇంకు మరకతో ఉన్న పరీక్ష అట్ట, వాళ్లమ్మ రెండోసారి చేసిన ఫోన్ కాల్. పదిహేను సెకన్లు చాలు. ఆ పదిహేను సెకన్లు ఉంటే తర్వాత హత్యను చూపించాల్సిన పనే లేదు, తలుపు మూసుకున్నా హాలు నిశ్శబ్దమైపోతుంది.

చివరగా, రిలీజ్‌కు నెల ముందు ఇలా చేయండి. బంధువులు, యూనిట్ వాళ్లు కాని పాతికమందిని పిలిచి సినిమా వేయండి. ఇంటర్వెల్‌లో చీటీ ఇచ్చి ‘హంతకుడు ఎవరు?’ అని అడగండి. ఎనిమిది కంటే ఎక్కువ చీటీల్లో సరైన పేరుంటే ఫస్టాఫ్‌కు మళ్లీ ఎడిట్ కావాలి, ఒక్కదాంట్లోనూ లేకపోతే హంతకుడి పాత్రకు సీన్లు చాలలేదు. సినిమా అయ్యాక ‘బాగుందా?’ అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. ‘ఫోన్ ఎప్పుడు చూసుకున్నారు?’ అని అడగండి. సీను పేరు చెబుతారు. దానికి ముందు మూడు సీన్లు వెనక్కి వెళ్లి వెతకండి. రెండో చీటీలో ఒకే ప్రశ్న ఉండాలి: చనిపోయినవాళ్లలో ఒకరి పేరు రాయండి. చీటీలు ఖాళీగా వస్తే, బడ్జెట్‌లో ఇంకో కాల్షీట్ మిగిలి ఉంటే, దాన్ని క్లైమాక్స్ ఫైట్‌కు ఖర్చు పెట్టకండి. ఆ హాస్టల్ గదికి వెళ్లండి.